సీబిస్కట్ పూర్వకథ

పూర్వము మన అశ్వశాస్త్రజ్ఞులు గుఱ్ఱముమీది సుళ్ళను చూచి దాని శుభాశుభములు నిర్ణయించెడివారు. నేటి పందెపురాయుళ్ళు సుళ్ళను చూడరు. గత పందెములలో గుఱ్ఱము ఎన్నవదిగా వచ్చినది, ఎంత దూరము పరుగెత్తినది, ఎంత బరువు మోసినది తెలియజేయు పట్టికను చూతురు. ఈ పద్ధతి సుళ్ళ శాస్త్రముకంటె నమ్మదగినదే. అయినను లేతవయసు గుఱ్ఱము విషయమున ఆ పట్టికను ఎట్లు చదువవలయునో తెలిసికొనుటకు అమెరికాదేశపు సీబిస్కట్ కథ చక్కని ఉదాహరణము.

సీబిస్కట్ 1933లో కెంటకీ రాష్ట్రమున జన్మించెను. సుప్రసిద్ధమైన మాన్ ఓ వార్ అను గుఱ్ఱమునకు మనుమడు. వంశము గొప్పదే కాని రూపము అంతంతమాత్రము: పొట్టి శరీరము, బుడిపెల మోకాళ్ళు, వింత నడక. తిండియందును నిద్రయందును గల ప్రీతి పరుగునందు లేదు. మొదటి 17 పందెములలో ఒక్కటైనను గెలువలేదు. రెండేండ్ల ప్రాయమున, 1935 ఒక్క సంవత్సరములోనే, 35 సార్లు పరుగెత్తి 5 సార్లు మాత్రమే నెగ్గెను. అందు కొన్ని దిగువ తరగతి పందెములు. ముందుగా నిర్ణయించిన వెల చెల్లించి, పరుగెత్తిన గుఱ్ఱమును ఎవరైనను కొనుక్కొని పోవచ్చును. 2,500 డాలర్లకే అమ్మజూపినను సీబిస్కట్‌ను కొన్నవారు లేరు.

శిక్షకుడు అసమర్థుడా యన్న, కాడు. కెంటకీ డెర్బీ మొదలగు మూడు మహాపందెములను ఒకే యేట గెలిచిన గాలెంట్ ఫాక్స్ (1930), ఒమాహా (1935) రెండును ఆ జేమ్స్ ఫిట్జ్‌సిమన్స్ చేతిలో తయారైనవే. ఒమాహా జైత్రయాత్ర సాగించిన యేడే, అదే గురువుకడ సీబిస్కట్ సోమరియని పేరుపడెను.

1936 ఆగస్టులో చార్లెస్ హోవర్డ్ అను వర్తకుడు దానిని 8,000 డాలర్లకు కొని టామ్ స్మిత్‌కు అప్పగించెను. అప్పటికది చిక్కిపోయి, కొట్టములో నిలుకడలేక తిరుగుచుండెను. స్మిత్ దానికి విశ్రాంతి నిచ్చెను. పంప్కిన్ అను సాధుస్వభావముగల గుఱ్ఱమును తోడుంచెను. రెడ్ పొలార్డ్‌ను రౌతుగా నియమించెను.

1938 నవంబరు 1న పిమ్లికో మైదానమున సీబిస్కట్ వార్ అడ్మిరల్‌తో ముఖాముఖి తలపడెను. అది 1937లో మూడు మహాపందెముల విజేత. మాన్ ఓ వార్ కుమారుడగుటచే, వయసున ఒక యేడు చిన్నదైనను, సీబిస్కట్‌కు వరుసకు పినతండ్రి! పొలార్డ్ గాయపడి యుండుటచే నాడు జార్జి వూల్ఫ్ స్వారి చేసెను. సీబిస్కట్ నాలుగు గుఱ్ఱముల నిడివి దూరమున గెలిచెను. 1937, 1938లలో వెండ్రుకవాసిలో తప్పిపోయిన శాంటా అనీటా పందెమును 1940లో, తిరిగి పొలార్డ్ రౌతుగా, సాధించెను. మొత్తము 89 పందెములలో 33 విజయములు.

దిగువ తరగతి గుఱ్ఱములన్నియు సీబిస్కట్‌లు కావు. పెక్కింటికి ఆ తరగతియే తగినది. పట్టిక చెప్పునది చాలవఱకు నిజమే. సీబిస్కట్ పట్టికయు అబద్ధమాడలేదు. 35 పందెములలో 5 విజయములనుటలో అందరును 5ను చూచిరి. రెండేండ్ల పిల్లను 35 మార్లు ఏల పరుగెత్తించిరని అడిగినవారు అరుదు. గుఱ్ఱము అలసటకు సాక్ష్యము ఆ అంకెలోనే యున్నది.

పాఠశాలలలో మార్కుల పట్టికను చేతబట్టు ఉపాధ్యాయులకు ఈ లెక్క క్రొత్తది కాదు. ఏ బాలునికి ఎన్ని వచ్చినవో పట్టిక చెప్పును. ఎట్టి స్థితిలో వచ్చినవో బాలునే అడిగి తెలిసికొనవలయును.