ఉచ్చారణ దోషములు – యాప్‌ల ఉపయోగము

పాణినీయ శిక్ష వర్ణములకు ఎనిమిది స్థానములను చెప్పినది. కవర్గము జిహ్వామూలమున, తవర్గము దంతములయందు పుట్టును. ‘కాకి’ని ‘తాతి’ అను బాలునియందు ఈ స్థానమే మారినది. నేటి వాక్‌చికిత్సలో యాప్ సరియైన ధ్వనిని వినిపించును. బాలుని పలుకును రికార్డు చేసి తిరిగి వినిపించును. విసుగు లేని ఆవృత్తికి ఇది మేలైన సాధనము. అయితే నాలుక ఎచ్చట తగిలినదో చూచి సరిదిద్దవలసినది చికిత్సకుడే.

మరియొక జాగ్రత్త అవసరము. తిరుపతి, చిత్తూరు ప్రాంతములందును, తెలుగునాట ఇతరత్ర వలెనే, వాడుకలో ‘భయము’ ‘బయము’గా వినబడుట కలదు. ఇది ఇంటి పలుకుబడియే గాని దోషము గాదు. గ్రంథోచ్చారణమునే ప్రమాణముగా గొన్న యాప్ ఇట్టి బాలునికి లేని లోపమును అంటగట్టును. కావున అభ్యాసపదములను కూర్చునపుడు శిక్షాశాస్త్రమును, మాండలికమును ఎరిగిన పండితుల తోడ్పాటు ఆవశ్యకము.