‘స్పోర్టీ’ కారు... మన రోడ్డు మీద!

ప్రకటనలో ఈ కారు కొండ మలుపుల్లో రివ్వున దూసుకుపోతుంది. నడిపే కుర్రాడి జుట్టు కూడా చెదరదు. పెనుబల్లిలో అదే కారు వి.ఎం.బంజర సెంటర్లో ఆర్టీసీ బస్సు వెనకాల ఆగి ఉంటుంది. ఎడమ పక్క పళ్ల బండి, కుడి పక్క లారీ, ముందు తాపీగా రోడ్డు దాటుతున్న గేదె. ‘స్పోర్టీ’ అనే మాటకి ఇక్కడ అర్థం ఏమిటి? రోజూ నడిపే ఆడవాళ్లకి అది ఎంతవరకు పనికొస్తుంది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా వదిన కారు కొనాలనుకుంది. అన్నయ్య ఉద్యోగం హైదరాబాదులో. ఇక్కడ వదిన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో వాళ్లమ్మగారు. ఆవిణ్ణి నెలకి రెండుసార్లు ఖమ్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పోనూ రానూ దాదాపు 130 కిలోమీటర్లు. ప్రతిసారీ కారు మాట్లాడుకోవడం, డ్రైవరు దొరికే రోజు చూసుకోవడం, అతని తిండి ఖర్చు. “డాక్టరు చెప్పిన రోజు కాదమ్మా, డ్రైవరు చెప్పిన రోజు వెళ్తున్నాం” అంది వదిన. పదేళ్ల నుంచి స్కూటీ నడుపుతోంది. కారు నేర్చుకుని లైసెన్సు తీసుకుని ఏడాది దాటింది. చేతిలో ఉన్నది ఏడు, ఏడున్నర లక్షలు.

బంధువులింట్లో 2024 మోడల్ మారుతీ స్విఫ్ట్ ఉంటే ఓ వారం అడిగి తెచ్చుకున్నాం. ఇద్దరం మార్చి మార్చి నడిపాం. సత్తుపల్లికి రోజూ, ఖమ్మానికి ఒకసారి, అడవి దారిలో కొత్తగూడెం దాకా ఒకసారి.

పేరులో వేగం

స్విఫ్ట్ మన దేశంలోకి వచ్చింది 2005 మేలో. అప్పటిదాకా చిన్న కారంటే మారుతీ 800 లాంటి డబ్బా ఆకారమే కళ్లముందు మెదిలేది. గుండ్రటి ముక్కు, వెడల్పాటి భుజాలతో వచ్చిన ఈ కారు కాలేజీ కుర్రాళ్ల కలల బండి అయిపోయింది. ‘స్పోర్టీ’ అన్న ముద్ర అప్పటిది. నిజానికి స్విఫ్ట్ స్పోర్ట్ అని వేరే కారే ఉంది. 1.4 లీటర్ల టర్బో ఇంజనుతో విదేశాల్లో అమ్మారు, మనకి రాలేదు. ఇక్కడ దొరికేది మామూలు ఇంటి కారే.

ఇంకో తమాషా ఏమిటంటే 2024 మేలో వచ్చిన కొత్త తరం కారుకి బలం పెరగలేదు, తగ్గింది. పాత నాలుగు సిలిండర్ల ఇంజను 90 హార్స్‌పవర్ దాకా ఇచ్చేది. ఇప్పటి మూడు సిలిండర్ల ఇంజను ఇచ్చేది 82. ఇంజను పరిమాణం మాత్రం అదే, 1,197 సి.సి. తగ్గించిన బలానికి బదులుగా మైలేజీ పెంచారు. కంపెనీ లెక్క ప్రకారం గేరు మార్చే కారు లీటరుకి 24.8 కిలోమీటర్లు ఇస్తుంది. అది పరీక్షలో వచ్చిన అంకె. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, స్పీడు బ్రేకరు స్పీడు బ్రేకరుకీ ఆగుతూ వెళ్తే పద్దెనిమిది వేసుకుని బడ్జెట్ రాసుకోండి. ఎక్కువ వస్తే సంతోషం.

బలం తగ్గిందని బెంగపడాలా? తల్లాడ వైపు వెళ్తుంటే ముందు లోడు లారీ. దాన్ని దాటాలి. నాలుగో గేరులో ఉండి యాక్సిలరేటరు తొక్కితే కారు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. మూడో గేరుకి దించి తొక్కితే హుషారుగా లేస్తుంది. ఈ ఇంజను కింద వేగాల్లో మెత్తగా, పై వేగాల్లో చురుగ్గా ఉండే రకం. అందుకని దాటే ముందే గేరు దించడం అలవాటు చేసుకోవాలి. ఇది డ్రైవింగు స్కూల్లో నేర్పరు. కారు బరువు టన్ను లోపే కాబట్టి, ఇద్దరు ముగ్గురితో ఉన్నంతసేపు 82 చాలు. ఐదుగురు, సామాను, ఏసీ అయితే ఓపిక పట్టాలి, లారీ వెనకాలే ఇంకో కిలోమీటరు వెళ్లాలి.

నాకు నచ్చింది స్టీరింగు. తేలిగ్గా తిరుగుతుంది. కారు పొడవు 3.86 మీటర్లే కాబట్టి సంత రోజున సందులో నుంచి వెనక్కి తీయాల్సి వచ్చినా చెమటలు పట్టవు. మలుపుల్లో కారు రోడ్డుని పట్టుకుని వెళ్తుంది, తూలదు. నా లెక్కలో ‘స్పోర్టీ’ అంటే అదీ. వేగం కాదు, చెప్పిన మాట వినడం.

కూర్చుని చూడాలి

షోరూములో మగవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారు. మనం ముందు డ్రైవరు సీట్లో కూర్చోవాలి, చీర కట్టుకుని. సల్వార్ కమీజుల వాళ్లు సల్వార్ కమీజుతో. రోజూ ఏ చెప్పులు వేసుకుంటారో అవే వేసుకుని. వదిన ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. క్లచ్ పూర్తిగా తొక్కాలంటే సీటు ముందుకి జరపాలి. జరిపితే స్టీరింగు దగ్గరైపోతుంది. స్విఫ్టులో కిటికీ గీత ఎత్తుగా ఉంటుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ పొట్టివాళ్లకి వెనక వైపు చూపు తక్కువ. సీటు ఎత్తు మార్చుకునే ఏర్పాటు అన్ని రకాల్లో ఉండదు. తక్కువ ధరలో దొరికేదాంట్లో లేదు. మీరు కొనే రకంలో ఉందో లేదో సేల్స్ అబ్బాయి నోటి మాట కాకుండా చేత్తో తడిమి చూసుకోండి. లేకపోతే కింద వేసుకునే మెత్త మీద ఆధారపడాలి. అది బ్రేకు వేసినప్పుడు జారే మెత్త కాకూడదు.

వెనక సీటు సంగతి వదిన వాళ్లమ్మగారే చెప్పారు. “కూర్చున్నాక బాగానే ఉంది తల్లీ, దిగడమే కష్టం.” పైకప్పు వెనక్కి వాలుగా దిగుతుంది, సీటు కాస్త కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ముందు సీటే నయం. ఒక్క మెరుగు, పాత తరంలో వెనక తలుపు పిడి కిటికీ పక్కన పైన దాక్కుని ఉండేది, పెద్దవాళ్లు వెతుక్కునేవాళ్లు. 2024 కారులో మామూలు చోటికి దించారు. ముగ్గురు పెద్దవాళ్లు వెనక ఇరుకే. ఇద్దరు పెద్దలు, ఒక పిల్లాడు సరిపోతారు.

డిక్కీ 265 లీటర్లు. రెండు బియ్యం బస్తాలు, కూరగాయల సంచులు పడతాయి. అంచు ఎత్తుగా ఉండటం వల్ల బస్తా ఎత్తి లోపలికి దించాలి, జారవిడవడం కుదరదు. తోటలో మామిడికాయల ట్రేలు వేసుకుందామనుకునేవాళ్లకి ఇది కారు కాదు. సీఎన్‌జీ రకం తీసుకుంటే ఆ డిక్కీలో చాలా భాగం సిలిండరే తినేస్తుంది. పైగా మీరు రోజూ తిరిగే దారిలో గ్యాసు బంకు ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

కారు కింద నేలకి ఎడం 163 మిల్లీమీటర్లు. తారు రోడ్డుకి చాలు. లంకాసాగర్ వైపు పొలం దారుల్లో, వానాకాలం ట్రాక్టరు గాళ్లు పడిన చోట జాగ్రత్త. శివరాత్రికి నీలాద్రి వెళ్లే జనంలో మట్టి మీద బండి పెట్టాల్సి వస్తే, గడ్డిలో రాళ్లు ఉన్నాయేమో దిగి చూసి పెట్టాలి. ఇక్కడ ఒక చిట్కా. ఎక్కువ ధర రకాలకి 15 అంగుళాల వెడల్పు టైర్లు, మెరిసే చక్రాలు ఇస్తారు. తక్కువ రకాలకి 14 అంగుళాలవి, పక్క గోడ ఎత్తుగా ఉండేవి. మన గుంతలకి ఎత్తైన గోడ ఉన్న టైరే మేలు, కుదుపు అది మింగుతుంది. డబ్బు పెట్టి కుదుపు కొనుక్కోనక్కర్లేదు.

క్లచ్ లేని గేరు రకం కూడా ఉంది. అర లక్ష దాకా ఎక్కువ. గేరు మారేటప్పుడు చిన్నగా తల ఊగినట్టుంటుంది. ఖమ్మం ట్రాఫిక్‌లో ఎడమ కాలికి హాయి. రోజూ ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. లారీలు దాటుతూ వెళ్లేవాళ్లకి గేరు మన చేతిలో ఉండటమే మంచిదని నాకనిపించింది. వదిన ఒప్పుకోలేదు.

భద్రత మాట

అడవి దారిలో కొత్తగూడెం వెళ్తుంటే కోతులు, పశువులు, ఎదురుగా పెద్ద లైట్లు దించని లారీలు. ఆ దారిలో నేను చూసింది వేగం కాదు, బ్రేకులు. 2024 స్విఫ్టులో అన్ని రకాలకీ ఆరు ఎయిర్ బ్యాగులు, జారకుండా నిలబెట్టే ఈఎస్‌పీ, ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారకుండా పట్టే ఏర్పాటు ఇచ్చారు. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ మార్పు. ఎందుకంటే 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసిన ఢీకొట్టే పరీక్షలో అప్పటి స్విఫ్టుకి వచ్చింది ఒకే ఒక్క నక్షత్రం. కొత్త తరానికి యూరప్ పరీక్షలో 2024లో మూడు నక్షత్రాలు వచ్చాయి, అక్కడి కారూ ఇక్కడి కారూ ఒకటే అనుకోవడానికి లేదు. దీని అన్నదమ్ముడైన డిజైర్ 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు తెచ్చుకుంది. ఆ ఐదు చూపించి స్విఫ్ట్ అమ్మితే నమ్మకండి. డిజైర్ మార్కులు డిజైర్‌వే. ఇదే ధరలో టాటా టియాగో ఉంది, 2020 పరీక్షలో నాలుగు నక్షత్రాలు. నడపడానికి స్విఫ్టంత చలాకీ కాదు.

వెనక సీట్లో బెల్టు పెట్టుకోనివాళ్లకి ఆరు ఎయిర్ బ్యాగులున్నా ఏం లాభం? పిల్లలు ముందు గొడవ చేశారు. బెల్టు పెట్టుకునేదాకా కారు కదలదని వదిన చెప్పింది. మూడో రోజుకి అలవాటైపోయింది.

ఎవరి పేరున?

ధర విషయానికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. దాంతో స్విఫ్ట్ అన్నిటికన్నా తక్కువ రకం షోరూము ధర 5.79 లక్షలకి దిగింది. ‘బడ్జెట్ కారు’ అన్న మాట అక్కడే పుడుతుంది, రోడ్డెక్కేసరికి మారిపోతుంది. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల లోపు కారుకి జీవితకాలపు పన్ను 14 శాతం. ఏడు లక్షల కారుకి 98 వేలు. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కారు సొంత నష్టానికి బీమా వేరు. మీ బడ్జెట్ ఏడున్నర అయితే, చూడాల్సింది ఆరు, ఆరున్నర మధ్య రకాలు. ఆ పై రకాల్లో వచ్చే పెద్ద తెర, పాటల పెట్టెలు మోజుపడితే తర్వాత పెట్టించుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ దగ్గర అన్నయ్య, “నా పేరున చేయించెయ్, ఏముంది అందులో” అన్నాడు. ఉంది. కారు యజమానిగా, లైసెన్సు ఉండి స్వయంగా నడిపే మనిషికి ప్రమాద బీమా 15 లక్షలు ఉంటుంది. అది యజమాని-డ్రైవరుకే. కాగితాల్లో ఆయన పేరుండి, చక్రం పట్టేది మీరైతే, ఆ 15 లక్షల రక్షణ మీకు వర్తించదు. ప్రయాణికుల బీమా విడిగా తీసుకోవచ్చు గానీ అదే బీమా అనుకోకూడదు. ఇంకోటి, ఆయన పేర ఇప్పటికే కారు ఉంటే రెండో దానికి 2 శాతం అదనపు పన్ను పడుతుంది. ఈ లెక్క చెప్పాక అన్నయ్య ఏమీ మాట్లాడలేదు.

కొందరు అడుగుతారు, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టిక్కెట్టే లేదు కదా, కారెందుకని. న్యాయమే. ఖమ్మం వెళ్లి రావడానికి కారుకి ఏడు లీటర్ల పైచిలుకు పెట్రోలు, లీటరు నూటేడు లెక్కన ఏడొందల డెబ్బై దాకా అవుతుంది. బస్సులో సున్నా. ఒంటరిగా వెళ్లేటప్పుడు నేను బస్సే ఎక్కుతాను. మోకాళ్లు వంగని పెద్దావిణ్ణి రద్దీ బస్సు మెట్లెక్కించి నిలబెట్టడమా, కారులో కూర్చోబెట్టడమా అన్నప్పుడు లెక్క వేరు. వారానికి నాలుగుసార్లు కూడా కదలని ఇంటికి కారు అక్కర్లేదు, బాడుగ కారే చవక.

వారం అయ్యాక వదిన మధ్య రకం బుక్ చేసింది, క్లచ్ లేనిదే. ఎర్ర రంగు కావాలంది. దుమ్ము కనపడుతుందని చెప్పాను, వినలేదు. టీజీ 04 బండి, ఆర్సీ వదిన పేరున.