చిన్న ఫొటోను పెద్దది చేయుట

మన యిండ్లలో పెక్కింట తాతగారిదో, ముత్తవ్వగారిదో ఒకే యొక్క పాత ఫొటో ఉండును. అది అగ్గిపెట్టె యంతకు మించదు. దానిని పెద్దది చేయించి గోడకు తగిలింపవలెనని బిడ్డల కోరిక. స్టూడియోవారు కంప్యూటరులో పెంచి యిత్తురు. పటము పెద్దదగును గాని కన్నులు, మీసకట్టు, చీర యంచు మసకబారును. దోషము స్టూడియోవారిదే యని తలంతుము. అన్ని వేళల నది నిజము కాదు.

కంప్యూటరునకు ఫొటో యనగా గళ్ళ వరుసలు. ఒక్కొక్క గడికి ఒక రంగు. ఆ రంగునకు కొన్ని అంకెలు. ఈ గడినే పిక్సెల్ అందురు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు తన పసిబిడ్డ ఫొటోను కంప్యూటరులోని కెక్కించెను. ఇట్లెక్కిన ఫొటోలలో మొదటిది అదియే. అందు అడ్డముగా 176, నిలువుగా 176, మొత్తము 30,976 గళ్ళు మాత్రమే. నేటి సెల్‌ఫోను తీయు ఫొటోలో సాధారణముగా కోటికి పైగా నుండును. ఆ బిడ్డ మొగము నేటికిని చక్కగా తెలియును గాని, పటము నెంత పెంచినను కనురెప్పల వెండ్రుకలను లెక్కింపజాలము. ఏలయన అవి అందు చేరనే లేదు.

పెంచుట యనగా ఉన్న గళ్ళ నడుమ క్రొత్త గళ్ళు చేర్చుట. ఇటు గడి అంకె 100, అటు గడి అంకె 200 అయినచో నడుమ 150 వేయుదురు. చెంపవంటి నున్నని చోట్ల నిది బాగుగనే కుదురును. వెండ్రుకలు, అక్షరములు, నగల చెక్కడము వంటి పదునైన అంచులు మాత్రము కలిసిపోవును. మసకకు కారణమిదియే. గళ్ళు లేని పటములును కలవు: పాఠశాల చిహ్నమును గీతల లెక్కలతో గీయించి యుంచినచో, పుస్తకపు అట్టకైనను ఉత్సవపు బ్యానరుకైనను చెడక పెరుగును. మనుష్యుని ఫొటోకు ఆ సౌకర్యము లేదు.

కావున పెద్దది చేయు పని స్కానరు వద్దనే మొదలు కావలెను. అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలుండుట వాడుక. 35 మిల్లీమీటర్ల వెడల్పు గల పాస్‌పోర్టు ఫొటోను అంగుళమునకు 300 చొప్పున స్కాను చేసినచో అడ్డముగా 413 గళ్ళు మాత్రమే లభించును. అవి ఆ చిన్న కొలతకే సరి. 1200 చొప్పున చేసినచో 1,653 లభించి, అయిదున్నర అంగుళముల వెడల్పునకు చాలును. గోడపటమును దూరమునుండి చూతుము గనుక అంగుళమునకు 150 అయినను కంటికి వెలితి తోపదు. అప్పుడు 11 అంగుళములు వచ్చును. దీనికిని హద్దు కలదు. పాత కాగితములో లేని వివరమును స్కానరు తేజాలదు. ఫిల్ము నెగటివు పెట్టెలో ఎక్కడనైన మిగిలియున్నచో కాగితము కంటె అదియే శ్రేష్ఠము.

ఇంత శ్రమపడి చేసిన స్కానును వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినచో, త్వరగా చేరుటకై అది దానిని కుదించును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు చేరును. ఈ సంచికలకు ఫొటోలు పంపు తల్లిదండ్రులు దీనిని తప్పక గమనింపవలెను. జేపెగ్ ఫొటోను దిద్ది దాచిన ప్రతిసారియు కొంత వివరము జారిపోవును గనుక, దిద్దుబాటు పనికి టిఫ్ రూపము మేలు.

కృత్రిమ మేధతో ఫొటోను పెంచు యంత్రములు ఇప్పుడు సెల్‌ఫోనులోనికే వచ్చినవి. ఇవి లక్షల ఫొటోలను చూచి నేర్చినవి; లేని కనురెప్పను ఊహించి గీయును. పటము తళతళలాడును. కాని అది ఎవరి కనురెప్ప? 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు చేసిన యిట్టి సాధనమునకు, మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా చిన్న మసక పట మొకటి యిచ్చిరి. అది తెల్లజాతి పురుషుని మొగమును గీసి యిచ్చెను! ప్రపంచమంతయు నెరిగిన మొగము గనుక పొరపాటు వెంటనే బయటపడినది. మన ముత్తవ్వగారిని చూచినవారు ఇంట నెందరున్నారు? యంత్రము ఆమె ముక్కును కొంచెము మార్చినను పట్టుకొనువారుండరు. మనుమలు దానినే ఆమె మొగమని నమ్ముదురు.

పూలకు, కొండలకు ఈ సాధనమును వాడుటకు నాకు అభ్యంతరము లేదు. పెద్దల ఫొటోల విషయమున మాత్రము తొలి స్కానును ముట్టక రెండు చోట్ల వేరుగా దాచి, యంత్రము పెంచిన పటము వెనుక ఆ సంగతిని సంవత్సరముతో సహా వ్రాసి యుంచవలెను.