12-6-12: స్టేడియం గేటు దగ్గర లెక్కలు

వర్జీనియా ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి, లార్గో వైపు వెళ్లే రైలైతే చాలు, ఎక్కడా మారకుండా మోర్గాన్ బొలెవార్డ్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి మైలు దూరం నడిస్తే ల్యాండోవర్‌లోని నార్త్‌వెస్ట్ స్టేడియం, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వాషింగ్టన్ కమాండర్స్ సొంత మైదానం. 2022 నవంబర్ 15న మెట్రో ఆష్‌బర్న్ దాకా వచ్చాక పార్కింగ్ బాధ తప్పింది కానీ ఇంకో చిక్కు వచ్చిపడింది. గేటు దగ్గర ‘ఈ బ్యాగు కుదరదు’ అంటే పెట్టి రావడానికి కారు ఉండదు. కాబట్టి కొలతలేవో ఇంట్లోనే చూసుకోవాలి.

కొలత 12-6-12. ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లకు 2013 సీజన్ నుంచి అమలవుతున్న నియమం ఇది: అవతలి వైపు కనిపించే ప్లాస్టిక్ లేదా వినైల్ బ్యాగు, 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల మందం, 12 అంగుళాల ఎత్తు మించకూడదు. లేదంటే ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవరు. దాంతోపాటు చేతిలో ఇమిడే చిన్న పర్సు ఒకటి తెచ్చుకోవచ్చు. అది 4.5 అంగుళాలకు 6.5 అంగుళాలు మించకూడదు, కానీ లోపలున్నది కనపడాల్సిన పనిలేదు. బయటపెట్టుకోలేని సొంత వస్తువులకు ఇది వెసులుబాటు. పెళ్లిళ్లకు భుజాన వేసుకెళ్లే హ్యాండ్‌బ్యాగు మాత్రం ఈ రెండు లెక్కల్లోకీ రాదు.

గుణించి చూస్తే 864 ఘనపు అంగుళాలు, సుమారు 14 లీటర్లు. తక్కువేం కాదు. పైగా మనిషికొకటి, పిల్లలకు కూడా. నలుగురున్న కుటుంబం 56 లీటర్ల సామాను మోసుకెళ్లొచ్చు. ఎంత తెచ్చామన్నది గేటు సిబ్బందికి పట్టదు, ఏం తెచ్చామో చేయి పెట్టకుండా కనపడాలి, అంతే.

ఎందుకంత పట్టింపు? మన ఊహాలెక్క ఒకటి వేద్దాం. 60 వేల మంది, గంటన్నర వ్యవధి, 100 లైన్లు. ఒక్కో మనిషికి దక్కేది 9 సెకన్లు. జిప్పులున్న బ్యాక్‌ప్యాక్ తెరిచి, అరలు తడిమి మూయడానికి అర నిమిషం పట్టిందంటే వెనకున్న ఇద్దరు ముగ్గురి సమయం దాంట్లోనే పోయినట్టు. లైను సాగేకొద్దీ గేటు బయట జనం పేరుకుపోతారు, భద్రతవాళ్లను భయపెట్టేది ఆ గుంపే. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పెట్టింది బ్యాక్‌ప్యాకుల్లోనే. ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఆ ఏడాది సీజన్‌కే ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ నియమం తెచ్చింది.

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. ఆ నియమంలోనే ఇంకో కొలత ఉంది. బ్యాగు మీద కంపెనీ గుర్తు ఉంటే అది ఒక్క వైపే, 4.5 అంగుళాలకు 3.4 అంగుళాలు మించకుండా, అదీ ‘ఆమోదం పొందినది’ అయ్యుండాలి. 144 చదరపు అంగుళాల ముఖంలో 15.3, అంటే పదో వంతు పైచిలుకు. లోపలున్నది కనపడాలంటే గుర్తు చిన్నదిగా ఉండాలి, సరే. ఆమోదం దేనికి? భద్రత లెక్కలోకి వ్యాపారం దూరేది ఇలాంటి సందుల్లోంచే.

సందు ఎంత సన్ననిదో 1996 ప్రపంచకప్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో 252 పరుగుల లక్ష్యంతో దిగిన మనవాళ్లు 8 వికెట్లకు 120 దగ్గర ఉండగా స్టాండ్ల నుంచి సీసాలు వచ్చి పడ్డాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. అదే టోర్నీకి అధికారిక పానీయం కోక్. పెప్సీయేమో ‘అధికారికం ఏమీ లేదిక్కడ’ అన్న ధోరణిలో ప్రకటనలిచ్చి మార్కులు కొట్టేసింది. సీసా విసిరితే ప్రమాదం, సీసా మీద పేరు వేరైతే నష్టం. అప్పటినుంచీ గేటు దగ్గర సీసా పట్టుకుంటే ఏ కారణంతో పట్టుకున్నారో చూసేవాడికి తేలదు.

ఉప్పల్లో ఆ సందేహం తక్కువ. 2025 ఐపీఎల్‌కు సుమారు 39 వేల సీట్ల స్టేడియంలో రాచకొండ పోలీసులు 2,700 మందిని, 450 సీసీ కెమెరాలను పెట్టారు. వాళ్లు వద్దన్న జాబితాలో నీళ్ల సీసాలు, పెన్నులు, సెంటు, హెల్మెట్లు ఉన్నాయి. విసరదగ్గది ఏదైనా వద్దని అర్థం. అమెరికాలో 2025 ఫుట్‌బాల్ క్లబ్ ప్రపంచకప్‌లో ఎండకు జనం గగ్గోలు పెట్టినప్పుడు ఫిఫా ఇచ్చిన వివరణలో లీటరు దాకా పట్టే ఖాళీ పారదర్శక సీసా తెచ్చుకోవచ్చని ఉంది. మన స్టీలు ఫ్లాస్కు, రాగి చెంబు అందులోకి రావు.

ఇక డబ్బు సంగతి. ల్యాండోవర్ స్టేడియానికి తన పేరు పెట్టుకోవడానికి ఫెడెక్స్ 1999లో 27 ఏళ్లకు 20.5 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఏడాదికి సుమారు 76 లక్షల డాలర్లు. 2024లో అది తప్పుకున్నాక, ఆష్‌బర్న్ పక్కనే హెర్న్‌డన్‌లో ఉన్న నార్త్‌వెస్ట్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ పేరెక్కింది. ఆష్‌బర్న్‌లో 1992 నుంచి ఉన్న కమాండర్స్ శిక్షణ కేంద్రానికీ ఇదే కథ: ఇనోవా ఆసుపత్రుల పేరు, తర్వాత ఆర్థోవర్జీనియా, ఆ తర్వాత బిగ్‌బేర్ ఏఐ.

అంత పోసి కొన్న పేరుకు ఫిఫా ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో విలువ సున్నా. 2026 టోర్నీలో మొత్తం 104 మ్యాచ్‌లు, అమెరికాలో 78. వాషింగ్టన్-బాల్టిమోర్ 2022 జూన్‌లోనే ఆతిథ్య నగరాల పోటీలోంచి జారిపోయింది కాబట్టి మనకు దగ్గరిది ఫిలడెల్ఫియా, 6 మ్యాచ్‌లు. అక్కడి లింకన్ ఫైనాన్షియల్ ఫీల్డ్‌ను ఫిఫా పత్రాల్లో ‘ఫిలడెల్ఫియా స్టేడియం’ అనే అంటారు. ఫిఫాకు డబ్బివ్వని కంపెనీ పేరు కనపడకూడదు. ఆ చూపు స్టేడియం గోడ దగ్గర ఆగదు, ప్రేక్షకుడి ఒంటి మీదికీ వస్తుంది. 2006లో స్టుట్‌గార్ట్‌లో బవారియా బీరు కంపెనీ పంచిన నారింజ రంగు నిక్కర్లు వేసుకొచ్చిన డచ్ అభిమానుల చేత గేటు దగ్గరే వాటిని విప్పించారు. వందల మంది లోదుస్తులతోనే మ్యాచ్ చూశారు. 2010లో జొహానెస్‌బర్గ్‌లో అదే కంపెనీ తరఫున నారింజ గౌన్లలో వచ్చిన 36 మంది మహిళలను స్టేడియం నుంచి పంపేశారు, ఇద్దరిని అరెస్టు కూడా చేశారు. ఆ గౌన్ల మీద కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు ఉన్నదీ లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లోనైతే మెక్‌డొనాల్డ్స్ హక్కు కాపాడటానికి, చేపతో కలిపితే తప్ప ఫ్రెంచ్ ఫ్రైస్ అమ్మొద్దని మిగతా క్యాంటీన్లకు చెప్పారు.

కోర్టులు అన్నిటికీ తలూపవు. 2023 సూపర్ బౌల్ ముందు ఫీనిక్స్ నగరం, డౌన్‌టౌన్‌లో తాత్కాలిక బోర్డు పెట్టాలంటే ఎన్‌ఎఫ్‌ఎల్ లేదా ఆతిథ్య కమిటీ ఆమోదం కావాలంది. ఒక స్థలం యజమాని కోర్టుకెక్కాడు, ఫిబ్రవరిలో మ్యాచ్‌కు ముందే ఆ నియమం చెల్లదని తీర్పొచ్చింది. ఆ నియమం పెట్టింది ప్రభుత్వం, కాబట్టి అక్కడ రాజ్యాంగం ఉంది. స్టేడియం లోపల మాత్రం టికెట్ మీదున్న షరతులదే రాజ్యం.

మరి మామూలు ప్రేక్షకుడి టీషర్టు? 2012లో లండన్ ఒలింపిక్స్ నిర్వాహక కమిటీ అధ్యక్షుడు సెబాస్టియన్ కో, పెప్సీ టీషర్టుతో వస్తే బహుశా రానివ్వరేమో అని రేడియోలో అన్నారు. ఎవరికి వాళ్లు ఏం వేసుకున్నా ఫరవాలేదని నిర్వాహకులే తర్వాత సర్దిచెప్పారు. ఒంటరి మనిషి జోలికి ఎవరూ రారు. గుంపుగా ఒకే రంగు, ఒకే గుర్తు కనపడితేనే అనుమానం. ఆష్‌బర్న్ చుట్టుపక్కల వారాంతపు క్రికెట్ జట్లలో వీపు మీద రియల్టర్ పేరో, ట్యాక్స్ కన్సల్టెంట్ పేరో లేని టీషర్టు దొరకడం కష్టం. వాటినే వేసుకుని నలభై మంది ఒకే వరుసలో కూర్చుందామని వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అంటే, టికెట్ షరతుల్లో ప్రచార సామగ్రి గురించిన పేరా ఒకటి చదివాకే సరేననండి.