క్రూయిజ్ దిగి సొంతంగా తిరుగుతున్నారా? ముందు మీ ఫోన్ టైమ్‌ని నమ్మడం మానేయండి

జులైలో నేను, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి మయామీ నుంచి వారం రోజుల కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్లాం. మెక్సికోలోని కోజుమెల్ ద్వీపం, కేమన్ దీవుల్లో జార్జ్ టౌన్, జమైకాలో ఫాల్మత్. షిప్ వాళ్లు అమ్మే టూర్లు మా బడ్జెట్‌కి ఎక్కువ. అందుకని ఎక్కడ దిగినా సొంతంగానే తిరగాలని డిసైడ్ అయ్యాం. చేతిలో మంచి ఫోన్లున్నాయి, మ్యాప్స్ ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదటి పోర్టులోనే ఆ ఫోన్లు మమ్మల్ని దాదాపు ముంచేశాయి. కాపాడింది ఏంటో తెలుసా? మా ఫ్రెండ్ చేతికున్న పాత హెచ్‌ఎంటీ కీ వాచ్.

అసలేం జరిగిందంటే

కోజుమెల్‌లో అందరూ 4:30కల్లా షిప్‌లో ఉండాలి, 5 గంటలకి షిప్ కదులుతుంది. మేం టాక్సీలో ద్వీపం తూర్పు వైపు బీచ్‌కి వెళ్లాం. అటువైపు జనం తక్కువ, సముద్రం అద్భుతంగా ఉంటుంది, సిగ్నల్ మాత్రం అంతంత మాత్రమే. డ్రైవర్‌ని 3:30కి మళ్లీ రమ్మన్నాం. వెనక్కి 20 నిమిషాల దారి, బోలెడంత టైమ్ ఉందనుకున్నాం.

నా ఫోన్‌లో 2:50 అయినప్పుడు మావాడు వాచ్ చూసుకుని, "ఒరేయ్, 3:50 అయిందేంట్రా?" అన్నాడు. కీ వాచ్ కదా, ముందుకి పరిగెత్తిందేమో అని నవ్వాం. పక్క టేబుల్ వాళ్లదీ మా షిప్పే. వాళ్లని అడిగితే షిప్ టైమ్ 3:50 అనే చెప్పారు. ఇద్దరి ఫోన్లూ తప్పు, వాచ్ ఒక్కటే కరెక్ట్!

మేం రమ్మన్న డ్రైవర్ లోకల్ టైమ్ 3:30కి వస్తాడు. అంటే షిప్ టైమ్ 4:30కి. అదృష్టం బాగుండి ఇంకో టాక్సీ ఎవరినో దించడానికి వచ్చింది. షిప్ గేటు దగ్గర కార్డు స్కాన్ చేసినప్పుడు టైమ్ 4:24. ఆ మొదటి డ్రైవర్ వచ్చి మాకోసం చూసే ఉంటాడు. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫోన్ తప్పు చెప్పిందా?

టెక్నికల్‌గా చూస్తే లేదు. ఫోన్ లోకల్ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అవ్వగానే టవర్ నుంచి టైమ్ జోన్ సమాచారం వస్తుంది, ఫోన్ ఆటోమేటిక్‌గా మారిపోతుంది. నా అమెరికా ప్లాన్‌లో మెక్సికో కూడా కలిసి ఉంది. పోర్టులో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే నెట్ వచ్చిందని సంబరపడ్డానే గానీ, గంట వెనక్కి వెళ్లిందని గమనించలేదు.

కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 ఫిబ్రవరి నుంచి ఏడాదంతా యూటీసీ మైనస్ 5లోనే ఉంటోంది. కేమన్, జమైకా కూడా అంతే, ఎండాకాలం గడియారం మార్చరు. మయామీ మాత్రం మార్చి నుంచి నవంబర్ మొదటి వారం దాకా యూటీసీ మైనస్ 4కి వెళ్తుంది. మా షిప్ వారమంతా మయామీ టైమే పాటించింది. అందుకే గంట తేడా.

మీ ట్రిప్‌కి ఇది ఎలా వర్తిస్తుందో చూసుకోండి:

- ఎండాకాలంలో మయామీ నుంచి కోజుమెల్, కేమన్, జమైకా: లోకల్ టైమ్ గంట వెనక ఉంటుంది. ఇదే డేంజర్. ఫోన్ చూసి ఇంకా టైమ్ ఉందనుకుంటారు.
- చలికాలంలో అదే రూట్: తేడా లేదు.
- డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్లు ఎక్కువగా ఎక్కే గాల్వెస్టన్ నుంచి కోజుమెల్: ఎండాకాలంలో తేడా లేదు, చలికాలంలో కోజుమెల్ గంట ముందుంటుంది.
- చలికాలంలో మయామీ నుంచి ప్యూర్టో రికో, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్: అక్కడ గంట ముందు.

అయితే అన్ని షిప్పులూ ఒకేలా ఉండవు. కొన్ని దారిలో తమ గడియారం మార్చుకుంటాయి. అందుకే దిగేముందు షిప్ యాప్‌లోనో, ముందురోజు రాత్రి రూముకి వచ్చే షెడ్యూల్ పేపర్‌లోనో చూడండి. అందులో ఉండేదే మీకు టైమ్. టాక్సీ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు "మీ టైమ్ ప్రకారం ఇన్ని గంటలకి" అని లోకల్ టైమ్‌లోకి మార్చి చెప్పండి. మేం చేసిన రెండో తప్పు అదే.

సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్లి "సెట్ ఆటోమేటికల్లీ" ఆఫ్ చేయండి. తర్వాత టైమ్ జోన్ దగ్గర షిప్ పాటించే ఊరు, మా విషయంలో మయామీ, ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ అని సెర్చ్ చేస్తే ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆప్షన్ కనిపిస్తుంది. ఐఫోన్‌కి జత చేసిన యాపిల్ వాచ్ ఫోన్‌నే ఫాలో అవుతుంది కాబట్టి దాన్ని రెండో సాక్షిగా లెక్కేయకండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒక్కటే సరిపోదు. కొన్ని ఫోన్లు లొకేషన్ చూసి కూడా జోన్ మార్చేస్తాయి. రెండు, జోన్ మార్చండి గానీ గంటల ముల్లుని చేత్తో జరపకండి. జోన్ అలాగే ఉంచి టైమ్ మాత్రం గంట జరిపితే ఫోన్ లోపలి అసలు టైమే తప్పవుతుంది. అప్పుడు బ్యాంక్, ఆఫీస్ లాగిన్ల కోసం వాడే అథెంటికేటర్ కోడ్‌లు పనిచేయవు.

నాకు అన్నిటికన్నా నచ్చిన చిట్కా మాత్రం ఇది: అలారం కాదు, టైమర్ పెట్టండి. అలారం గడియారాన్ని బట్టి మోగుతుంది, జోన్ మారితే అదీ మారుతుంది. టైమర్ అలా కాదు, 5 గంటలంటే 5 గంటలే. షిప్ దిగిన క్షణంలో, వెనక్కి బయల్దేరాల్సిన టైమ్‌కి ఎంత ఉందో లెక్కేసి టైమర్ స్టార్ట్ చేయండి. ఫోన్ ఆఫ్ అయితే టైమర్ కూడా పోతుంది కాబట్టి చేతికి ఓ మామూలు వాచ్, బ్యాగులో పవర్ బ్యాంక్ ఉండాలి.

సముద్రంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఎందుకు

చాలా షిప్పుల్లో శాటిలైట్‌తో నడిచే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. రోమింగ్ ఆన్‌లో ఉంటే ఫోన్ మిమ్మల్ని అడక్కుండానే దానికి కనెక్ట్ అవుతుంది. ఇది మీ మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి సాధారణంగా రాదు, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. షిప్ కదలకముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. షిప్ యాప్ ఇలాగే నడుస్తుంది. పోర్టులో దిగి, ఒడ్డు మీదికి వచ్చాకే మోడ్ తీయండి.

నెట్ లేకుండా దారి

జీపీఎస్‌కి డేటా అవసరం లేదు. ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్‌ని అందుకుంటుంది అంతే, పంపేదేం లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా మీరున్న చోటు చూపిస్తుంది. డేటా సాయం లేనప్పుడు మొదటిసారి చుక్క కనబడటానికి కొంచెం టైమ్ పట్టొచ్చు, ఆకాశం కనిపించే చోట నిలబడండి.

మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారి ఇస్తుంది గానీ నడిచే దారి ఇవ్వదు. పోర్టులో దిగి నడిచేవాళ్లకి ఇది పెద్ద లోటు. నేను ఆర్గానిక్ మ్యాప్స్ వాడాను. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ డేటా మీద నడుస్తుంది, ఆఫ్‌లైన్‌లోనే నడక దారి చూపిస్తుంది. ఐఓఎస్ 17 నుంచి యాపిల్ మ్యాప్స్‌లో కూడా ఆఫ్‌లైన్ మ్యాప్స్ వచ్చాయి. మెక్సికో కోసం గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పానిష్ ప్యాక్ కూడా దింపుకోండి.

షిప్ దిగగానే చేయాల్సిన మొదటి పని, నిలబడ్డ చోటే పిన్ సేవ్ చేయడం. "కోజుమెల్ పోర్ట్" అని వెతికితే కుదరదు, ఎందుకంటే అక్కడ క్రూయిజ్ పియర్లు మూడున్నాయి. పుంతా లాంగోస్తా ఊరి మధ్యలో ఉంటుంది, దిగి నడిస్తే చాలు. ఇంటర్నేషనల్ పియర్, పుయెర్తా మాయా రెండూ ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. టాక్సీ డ్రైవర్‌కి పియర్ పేరు చెప్పలేకపోతే తప్పు చోటుకి తీసుకెళ్లే ఛాన్స్ ఉంది.

ఈసిమ్ సంగతి

ప్లాన్‌లో ఆ దేశం లేకపోతే ఈసిమ్ మంచి ఆప్షన్. మూడు దేశాలకి మూడు కొనేకన్నా కరీబియన్ రీజియన్ ప్యాక్ చూడండి, కానీ మీ ద్వీపాలన్నీ లిస్టులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చెక్ చేయండి. కొన్ని ప్యాకుల్లో మెక్సికో ఉండదు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేయాలి. ఇంకో విషయం, వాయిదాల మీద క్యారియర్ దగ్గర కొన్న ఫోన్ లాక్ అయి ఉంటే వేరే ఈసిమ్ పనిచేయదు. మా ఇంకో ఫ్రెండ్‌కి ఈ విషయం డబ్బులు కట్టాకే తెలిసింది.

మిగతా రెండు పోర్టులు

జార్జ్ టౌన్‌లో పెద్ద షిప్ ఆగడానికి పియర్ లేదు. షిప్ సముద్రంలోనే లంగరేసి, టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తుంది. కాబట్టి ఇక్కడ మీ అసలు డెడ్‌లైన్ షిప్ కదిలే టైమ్ కాదు, చివరి టెండర్ టైమ్. ఆఖర్లో క్యూ కూడా పెద్దగా ఉంటుంది. ఆ టైమ్‌కి గంట ముందే ఒడ్డుకి వచ్చేలా నేను టైమర్ పెట్టాను, హాయిగా ఐస్‌క్రీమ్ తింటూ లైన్లో నిలబడ్డాం. సెవెన్ మైల్ బీచ్‌కి టాక్సీయే అక్కర్లేదు, ఊళ్లో డిపో నుంచి పబ్లిక్ మినీ బస్సులు వెళ్తాయి. ధరల దగ్గర జాగ్రత్త: కేమన్ డాలర్ విలువ 1.20 అమెరికన్ డాలర్లు. మెనూలో 15 అని కనిపిస్తే మీ జేబులోంచి పోయేది 18. అది ఏ డాలరో ముందే అడగండి.

ఫాల్మత్‌లో షిప్ నేరుగా ఊరి అంచునే ఆగుతుంది. గేటు దాటితే పాత జార్జియన్ కాలపు ఇళ్ల మధ్య వీధులు, వాటర్ స్క్వేర్, అంతా నడకే. దూరం వెళ్లాలంటే మార్తా బ్రే నదిలో వెదురు తెప్ప ప్రయాణం బాగుంటుంది. టాక్సీ ఎక్కేముందు నంబర్ ప్లేట్ చూడండి, జమైకాలో లైసెన్స్ ఉన్న టాక్సీలకి ఎర్ర ప్లేటు ఉంటుంది. రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి. కేమన్‌లో, జమైకాలో మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. అమెరికాలో అలవాటు పడ్డవాళ్లు రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడాలి.

నిజంగానే షిప్ మిస్ అయితే?

షిప్ వాళ్ల టూర్ లేటైతే షిప్ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తర్వాతి పోర్టుకి విమానం టికెట్, హోటల్ అన్నీ మన ఖర్చే. షెడ్యూల్ పేపర్ మీద ఆ ఊరి పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబర్ ఉంటుంది, దిగేముందు దాని ఫొటో తీసుకోండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనకి రిస్క్ ఇంకా ఎక్కువ. పాస్‌పోర్ట్, అమెరికా వీసా స్టాంప్ రూములో లాకర్లో ఉండిపోతే మెక్సికోలో విమానం ఎక్కడమే కుదరదు. దూరం వెళ్లే రోజు నేను ఒరిజినల్‌ని వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో వెంట తీసుకెళ్తాను. పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా, ఫ్రెండ్ ఫోన్‌లో ఇంకో కాపీ ఉంటాయి.

ఇంత చెప్పానని భయపడి షిప్ మీదే కూర్చోకండి. ఆ తూర్పు తీరం, ఆ మినీ బస్సులో మాటలు కలిపిన లోకల్ వాళ్లు, ఫాల్మత్ వీధులు... టూర్ బస్సు కిటికీలోంచి చూస్తే ఇవేవీ మాకు దక్కేవి కావు. మ్యాప్ కోసం ఫోన్‌ని నమ్మండి, ఫొటోల కోసం నమ్మండి. టైమ్ కోసం మాత్రం షిప్‌ని నమ్మండి.

మావాడు ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఆ హెచ్‌ఎంటీ చూపించి, "నెట్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు" అని మమ్మల్ని ఏడిపిస్తుంటాడు. ఏం చేస్తాం, ఆ రోజు షిప్ ఎక్కించింది అదే మరి.