తరగతి గదిలో రాష్ట్రపతి ఎన్నిక.. ఆడి నేర్చుకునే రాజ్యాంగ పాఠం

భారత రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారు? ఏడో తరగతి విద్యార్థిని ఈ ప్రశ్న అడిగితే ‘పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు’ అని ఠక్కున జవాబు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132 ఎందుకైందని అడిగితే మాత్రం తరగతి అంతా మౌనం వహిస్తుంది. మొదటి ప్రశ్న పరీక్షలో వస్తుంది కాబట్టి కంఠస్థమైంది. రెండో ప్రశ్నకు పుస్తకంలో గీత గీసుకునే జవాబు దొరకదు. రాజ్యాంగ పాఠం అసలు సారాంశమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పాఠ్యపుస్తకాల్లో రాజ్యాంగ ప్రవేశిక, ప్రాథమిక హక్కులు, పార్లమెంటు, ఎన్నికల గురించి విద్యార్థులు చదువుతున్నారు. ఏటా నవంబరు 26న ప్రవేశికను సామూహికంగా పఠిస్తున్నారు. 1949లో అదే రోజున రాజ్యాంగాన్ని ఆమోదించారని, 1950 జనవరి 26న అది పూర్తిగా అమలులోకి వచ్చిందని వారికి తెలుసు. తేదీలు తెలిసినంత మాత్రాన విధానం బోధపడదు. దానిని పిల్లల చేత చేయించడానికి రాష్ట్రపతి ఎన్నికను మించిన ఉదాహరణ లేదు. కాగితం, పెన్సిలు, ఆరో తరగతి భాగహారం ఉంటే చాలు.

పట్టభద్రులే తడబడుతున్న వేళ..

ఈ పాఠం రాష్ట్రపతి భవన్‌కు మాత్రమే పరిమితమని భావించనక్కర లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో శాసన మండలికి జరిగే పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల ఎన్నికల్లో సైతం ఇదే ప్రాధాన్య ఓటు విధానం అమలవుతోంది. అభ్యర్థి పేరు ఎదుట 1, 2, 3 అని అంకెలు వేయాలి. డిగ్రీ చదివిన వారు మాత్రమే ఓటర్లుగా ఉండే పట్టభద్రుల ఎన్నికల్లో కూడా చెల్లని ఓట్లు వేల సంఖ్యలో బయటపడుతున్నాయి. అలవాటు కొద్దీ టిక్కు పెట్టేవారు, ఒకటో అంకెను ఇద్దరికి వేసేవారు అందులో ఉంటారు. చట్టసభల సభ్యులూ ఇందుకు మినహాయింపు కారు. 2022 జూలైలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో పోలైన 4,754 ఓట్లలో 53 చెల్లలేదు. పదిహేనేళ్లు చదివినా అందని విషయాన్ని ఏడో తరగతిలోనే ఒక ఆటగా నేర్పగలిగితే ఆ మేరకు భావి ఓటరుకు మేలు జరుగుతుంది.

పల్లె ఓటు ఢిల్లీ వరకు..

రాజ్యాంగంలోని 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభలలోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలలోని ఎన్నికైన సభ్యులు కలిసి రాష్ట్రపతిని ఎన్నుకుంటారు. 1992లో చేసిన 70వ సవరణతో ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులకు కూడా అవకాశం లభించింది. ‘ఎన్నికైన’ అనే మాటను విద్యార్థుల చేత గుర్తింపజేయాలి. నామినేటెడ్ సభ్యులకు ఈ ఎన్నికలో ఓటు లేదు. శాసన మండలి సభ్యులకూ లేదు.

ఇక్కడే పిల్లల ఇంటికి, పాఠానికి సంబంధం కలుస్తుంది. అమ్మానాన్నలు ఊరి పోలింగ్ కేంద్రంలో వేసిన ఓటుతో ఎమ్మెల్యే గెలుస్తారు. ఆ ఎమ్మెల్యే రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేస్తారు. పల్లెలోని ఓటు ఒక మజిలీ దాటి ఢిల్లీకి చేరుతుందన్న మాట. పరోక్ష ఎన్నిక అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అవసరం లేదు.

159, 132 ఎలా వచ్చాయి?

రాష్ట్ర జనాభాను శాసనసభలోని ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగించాలి. వచ్చిన దానిని మళ్లీ వెయ్యితో భాగించాలి. మిగిలిన శేషం 500 లేదా అంతకు మించితే ఒకటి కలపాలి. అదే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ. ఇందుకు 1971 జనాభా లెక్కలనే ప్రాతిపదికగా తీసుకుంటూ వచ్చారు. ప్రస్తుత ఆంధ్రప్రదేశ్ పరిధిలో 1971 జనాభా 2,78,00,586. దీనిని 175తో భాగిస్తే సుమారు 1,58,860 వస్తుంది. వెయ్యితో భాగించి సవరిస్తే 159. తెలంగాణ పరిధిలోని 1,57,02,122 జనాభాను 119తో, ఆపై వెయ్యితో భాగిస్తే 132. ఉమ్మడి రాష్ట్రంలో 294 మంది ఎమ్మెల్యేలు ఉన్నప్పుడు ఈ విలువ 148. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటుకు 208, సిక్కిం ఎమ్మెల్యే ఓటుకు 7 విలువ ఉండటం చూసి విద్యార్థులు ఆశ్చర్యపోతారు. సభ్యుడు పెద్దా చిన్నా అని కాక, అతని వెనుక ఎంతమంది ప్రజలు ఉన్నారన్నదే ఇక్కడ కొలమానమని వివరించాలి.

రాష్ట్రాల ఎమ్మెల్యేలందరి ఓట్ల మొత్తం విలువను ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ తేలుతుంది. 2022లో 4,033 మంది ఎమ్మెల్యేల ఓట్ల విలువ 5,43,231. దానిని 776 మంది ఎంపీలతో భాగిస్తే 700 వచ్చింది. 2017లో ఇది 708. జమ్మూకశ్మీర్‌లో 2022 నాటికి శాసనసభ లేకపోవడమే ఈ తేడాకు కారణం. రాష్ట్రాలన్నింటి బలం ఒకవైపు, పార్లమెంటు బలం మరోవైపు దాదాపు సమానంగా తూగేలా రాజ్యాంగ నిర్మాతలు త్రాసును అమర్చారు. సమాఖ్య అనే కఠినమైన మాటకు ఈ లెక్కే సులువైన అర్థం.

1971 లెక్కలే ఎందుకన్న సందేహం చురుకైన విద్యార్థికి తప్పక వస్తుంది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించి జనాభా పెరుగుదలను అదుపు చేసిన రాష్ట్రాలు అందువల్ల నష్టపోకూడదన్న ఉద్దేశంతో 1976లో 42వ సవరణ ద్వారా ఆ సంఖ్యను స్థిరపరచారు. 2026 తర్వాత జరిగే తొలి జనగణన వివరాలు వెలువడే వరకు దానినే కొనసాగించాలని 2001 నాటి 84వ సవరణ నిర్దేశించింది. దక్షిణాది రాష్ట్రాల్లో నియోజకవర్గాల పునర్విభజనపై సాగుతున్న చర్చకు మూలం కూడా ఇదే. వార్తాపత్రికలో చదివే అంశానికి, తరగతిలో చేసే భాగహారానికి సంబంధం ఉందని తెలిస్తే విద్యార్థికి రెండింటిపైనా ఆసక్తి కలుగుతుంది.

ముప్పై మందితో ఎన్నిక

ముప్పై మంది ఉన్న తరగతిని నాలుగు జట్లుగా చేయాలి. మూడు జట్లు మూడు రాష్ట్రాలు, నాలుగోది పార్లమెంటు. మొదటి రాష్ట్ర జనాభా 60,000, ఎమ్మెల్యేలు 6 మంది అనుకుంటే ఒక్కొక్కరి ఓటు విలువ 10. రెండో రాష్ట్ర జనాభా 40,000, ఎమ్మెల్యేలు 8 మంది అయితే విలువ 5. మూడో రాష్ట్ర జనాభా 90,000, ఎమ్మెల్యేలు 6 మంది అయితే విలువ 15. రాష్ట్రాల మొత్తం 190. మిగిలిన పది మంది ఎంపీలు. కనుక ఎంపీ ఓటు విలువ 19. అన్నీ కలిపి 380. గెలవాలంటే అందులో సగానికి ఒకటి ఎక్కువ, అంటే 191 రావాలి.

అభ్యర్థులుగా పార్టీలు, నాయకుల పేర్లు వద్దు. మామిడి, జామ, సీతాఫలం నిలబడితే సరిపోతుంది. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు, పార్టీలు విప్ జారీ చేసే వీలు లేదు. ఓటు రహస్యం. అసలు ఎన్నికలో ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్ పత్రాలు ఇస్తారు. తరగతిలోనూ రంగు కాగితాలు వాడవచ్చు. ప్రతి కాగితం మూలన జట్టు ఓటు విలువను ముందే రాసి ఉంచితే లెక్కింపు సులువవుతుంది.

ఉదాహరణకు మామిడికి 11 మంది, జామకు 11 మంది, సీతాఫలానికి 8 మంది మొదటి ప్రాధాన్యం ఇచ్చారనుకుందాం. తలలు లెక్కిస్తే మొదటి ఇద్దరూ సమానం. మామిడికి ఐదుగురు ఎంపీలు, మొదటి, మూడో రాష్ట్రాల నుంచి ముగ్గురేసి వేస్తే దాని విలువ 170. జామకు ఐదుగురు ఎంపీలు, మొదటి రాష్ట్రం నుంచి ఒకరు, రెండో రాష్ట్రం నుంచి ఐదుగురు వేస్తే 130. సీతాఫలానికి మిగిలింది 80. ఎవరికీ 191 రాలేదు. అందరికన్నా వెనుకబడిన సీతాఫలాన్ని తొలగించి, ఆ 8 కాగితాలలో రెండో అంకె ఎవరికి వేశారో చూడాలి. 65 విలువ గల ఓట్లు జామకు, 15 విలువ గలవి మామిడికి బదిలీ అయితే జామ 195, మామిడి 185. మొదట వెనుకబడిన జామ గెలిచింది. తరగతిలో కేరింతలు రేగే ఆ క్షణంలోనే ఏక ఓటు బదిలీ విధానం విద్యార్థుల మనసులో నిలిచిపోతుంది.

1969లో ముగ్గురికీ తెలుగు బంధం

ఇది కేవలం ఊహాజనితమైన లెక్క కాదని చెప్పడానికి 1969 ఎన్నిక ఉంది. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఆగస్టులో జరిగిన ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి పోటీ చేశారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన వి.వి.గిరి స్వతంత్రుడిగా నిలిచారు. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. ఆయన రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి భర్త. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలన్న ప్రధాని ఇందిరాగాంధీ పిలుపు నాడు దేశమంతటా చర్చనీయాంశమైంది.

మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ గల ఓట్లు వచ్చాయి. గెలుపునకు కావలసింది 4,18,169. ఎవరూ అందుకోలేదు. వెనుకబడిన అభ్యర్థులను తొలగిస్తూ తదుపరి ప్రాధాన్యాలను లెక్కించగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. మొదటి లెక్కింపులో దాదాపు 88 వేలున్న అంతరం చివరికి 14,650కి తగ్గింది. 1952 నుంచి 2022 వరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలకపోవడం ఆ ఒక్కసారే. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 

ప్రజలే నేరుగా ఎందుకు ఎన్నుకోరు?

ఆట ముగిశాక విద్యార్థులు అడిగే ప్రశ్న ఇది. రాజ్యాంగ పరిషత్తులోనూ దీనిపై వాదోపవాదాలు జరిగాయి. కె.టి.షా వంటి సభ్యులు ప్రత్యక్ష ఎన్నికను కోరారు. పరిషత్తు అంగీకరించలేదు. మన విధానంలో పాలన బాధ్యత ప్రధానమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలిది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు వ్యవహరిస్తారు. దేశ ప్రజలంతా నేరుగా ఎన్నుకున్న వ్యక్తి ఒకరు, లోక్‌సభ విశ్వాసం పొందిన ప్రధాని మరొకరు ఉంటే అధికార కేంద్రాలు రెండై పేచీలు తలెత్తుతాయని నాటి పెద్దలు భావించారు. ఈ రెండు వాదనలపై తరగతిలో చర్చ పెట్టి, ఎవరి పక్షం వారు సమర్థించుకునేలా చూస్తే రాజ్యాంగం రాసిన తీరు విద్యార్థులకు అనుభవంలోకి వస్తుంది. నాటి పరిషత్తులో దుర్గాబాయి, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి.రంగా వంటి తెలుగువారు ఉన్నారని, ముసాయిదా కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సభ్యులని చెబితే మరింత దగ్గరవుతుంది.

ఈ జాగ్రత్తలు అవసరం

ఓటు వేసేముందు నియమాలు నల్లబల్లపై రాయాలి. ఒకటో అంకె వేయకపోతే ఓటు చెల్లదు. ఒకటిని ఇద్దరికి వేసినా చెల్లదు. టిక్కు, సంతకం, పేరు ఉండకూడదు. ప్రాధాన్యాన్ని అంకెలలోనే వేయాలి, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే కుదరదు. అసలు రాష్ట్రపతి ఎన్నికలో భారతీయ భాషల అంకెలు కూడా చెల్లుతాయి. ఆ లెక్కన ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వేయడానికీ పిల్లలకు అవకాశం ఇవ్వవచ్చు. మరుగున పడుతున్న అంకెలను నేర్పినట్లూ అవుతుంది. చెల్లని కాగితాలు వేసిన విద్యార్థులను ఎగతాళి చేయనీయరాదు. తప్పు ఎక్కడ జరిగిందో వారి చేతనే చెప్పించాలి. లెక్కింపును చదువులో వెనుకబడిన వారికి అప్పగిస్తే వారికి భాగహారం, కూడికలు సాధన అవుతాయి. గణిత, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు కలిసి రెండు పీరియడ్లు కేటాయిస్తే సరిపోతుంది.

2022 జూలై 25న ప్రమాణం చేసిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐదేళ్ల పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది. గడువు తీరేలోగా తదుపరి ఎన్నిక పూర్తి చేయాలని 62వ అధికరణం చెబుతోంది. బడులు తెరిచిన కొద్ది వారాలకే వచ్చే ఆ లెక్కింపు సమయాన తరగతి గోడకు ఒక పట్టిక అతికించి, అభ్యర్థులకు వచ్చిన విలువలను విద్యార్థులే నింపేలా చేయవచ్చు. అంతకుముందే మామిడి, జామ, సీతాఫలాలతో సాధన చేసిన పిల్లలకు ఆ అంకెలు కొత్తగా అనిపించవు. ఆరేళ్లలోనో, ఏడేళ్లలోనో ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోబోయేది వారే.