ఖాళీ చేతులతో వచ్చినవాడికీ స్వాగతమే

మంథని అనగానే గోదావరి తీరం, వేదపండితులు, పాత గుళ్లు, 1957 నుంచి ఇరవయ్యేళ్లు ఇక్కడి ఎమ్మెల్యేగా ఉండి ఆ తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు గుర్తుకొస్తారు. అయితే మంథని మొదలు జగిత్యాల, సిరిసిల్ల దాకా, ఒకప్పటి కరీంనగర్ జిల్లా పల్లెల్లో తరచూ వినిపించే మాట మరొకటుంది. ‘పైసలు పంపిండా?’ అన్నదే ఆ మాట. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ము దాదాపు 129 బిలియన్ డాలర్లు. మరే దేశానికీ అంత రాలేదు. అలా వచ్చే డబ్బు లెక్క అందరికీ తెలుసు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే డబ్బు గురించి మాత్రం ఇంటివాళ్లు గుట్టుగా ఉంటారు.

ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లినవాడికి పని దొరకదు. గడువు దాటితే ఎమిరేట్స్‌లో జరిమానా రోజుకు 50 దిర్హాములు. ఏడాదికి అది మన లెక్కలో నాలుగు లక్షల రూపాయలు దాటుతుంది. గది అద్దె, తిండి, టికెట్ ఖర్చు వేరే. అప్పుడు అమ్మ పుస్తెలతాడు కుదువకు వెళ్తుంది. సంపాదించి పంపుతాడనుకున్న కొడుక్కి ఇల్లే పంపాల్సి వస్తుంది. చదువుల కోసం అమెరికా వెళ్లిన పిల్లల తల్లిదండ్రులదీ ఇదే బాధ. మంథని దగ్గర సెంటినరీ కాలనీలో 2010లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక ఆ కలలు ఈ ప్రాంతానికి మరింత దగ్గరయ్యాయి. ఫీజులకు బ్యాంకు అప్పు, అద్దెకు నాన్న జీతం!

దూరదేశంలో ఉన్న తనవాడికి డబ్బు పంపిన ఒక పేద కుటుంబం కథ బైబిల్లోనూ ఉంది. ఆ కుటుంబం మాసిదోనియలోని ఫిలిప్పీ సంఘం. అపొస్తలుడైన పౌలు రోమాలో ఖైదీగా ఉంటూ, అద్దె ఇంట్లో కావలి సైనికుడి నీడలో రెండేళ్లు గడిపాడు (అపొ.కా. 28:16,30). ఆయన అవసరం తెలిసి ఫిలిప్పీవారు కానుక కూడబెట్టారు. వాళ్లేమీ కలిగినవాళ్లు కారు, నిరుపేదలు (2 కొరింథీ 8:1-2). బ్యాంకులు లేని ఆ రోజుల్లో ఆ సొమ్మును ఎపఫ్రొదితు అనే సోదరుడు వందల మైళ్లు మోసుకెళ్లాడు. అక్కడ జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడు. తన జబ్బు సంగతి ఊళ్లో తెలిసిందని విని మరింత కుంగిపోయాడు (ఫిలిప్పీ 2:25-30). పరాయి దేశంలో మంచం పట్టి కూడా ‘ఇంట్లో చెప్పకండి’ అని స్నేహితులను బతిమాలే మన పిల్లల మనసు ఇదే కదా?

పౌలు ఆయన్ను వెనక్కి పంపాడు. ఎపఫ్రొదితు చేతిలో ఇప్పుడు డబ్బు లేదు, ఒక ఉత్తరం ఉంది. వెళ్లిన పని పూర్తిచేసి వచ్చాడా, మధ్యలో వచ్చేశాడా అని ఊరు ఆరాలు తీస్తుందని పౌలుకు తెలుసు కాబోలు! అందుకే ఆయన్ను సంతోషంతో చేర్చుకోండి, అలాంటివారిని గౌరవించండి అని ముందే రాశాడు. కానుకకు కృతజ్ఞత చెబుతూనే, తాను చూసేది ఆ కానుకను కాదని, దాని వెనకున్న ప్రేమ ఫలాన్నని తేల్చిచెప్పాడు (4:17).

డబ్బు చేసే మేలు డబ్బు చేస్తుంది, దానికీ హద్దుంది. దుబాయ్‌లో ఒక నేపాలీ మృతి కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురి కోసం, మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం ఇక్కడి నుంచే వెళ్లింది. అయినా వాళ్లు ఇల్లు చేరింది 18 ఏళ్ల జైలు తర్వాతే. సొమ్ము చెల్లించాక కూడా మిగిలింది ఎదురుచూపే. అన్నేళ్లూ ఆ మనుషులను బతికించింది తమ కోసం ఒక గుమ్మం తెరిచే ఉందన్న నమ్మకం కాక మరేమిటి?

పంపేటప్పుడు జాగ్రత్తా అవసరమే. ‘ఇక్కడ మా ఇంట్లో రూపాయలివ్వండి, అక్కడ దిర్హాములిస్తాను’ అనే దోస్తు ఏర్పాటును చట్టం ఒప్పుకోదు, దానికి రశీదూ ఉండదు. దగ్గరి బంధువుల పోషణకు, చదువుకు, వైద్యానికి బ్యాంకు ద్వారానే పంపే వీలుంది. చిక్కుకున్నవాడి చేతిలో టికెట్ డబ్బు లేకపోతే, అప్పు చేయకముందే భారత రాయబార కార్యాలయాన్ని అడగాలి. 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నిరుపేదలకు ఆశ్రయం, తిరుగు టికెట్ ఇచ్చేందుకే ఉంది.

అన్నింటికన్నా ముందు పంపాల్సింది ఒక మాట. ‘పైసలు ఎప్పుడు పంపుతవు బిడ్డా?’ అని అడిగే ఫోన్లోనే, ‘తిన్నవా? ఏమన్న కష్టమున్నదా? ఉంటే వచ్చెయ్యి’ అని చెప్పగలగాలి. వాకిట్లోకి వచ్చినవాణ్ని ‘ఎంత తెచ్చినవ్?’ అని అడగకపోవడం అన్నిటికన్నా పెద్ద కానుక. ఫిలిప్పీవారు పంపిన నాణేలు ఏనాడో ఖర్చయిపోయాయి. ఖాళీ చేతులతో వచ్చిన ఎపఫ్రొదితు తెచ్చిన ఉత్తరాన్ని లోకం ఈనాటికీ చదువుకుంటోంది.